తుంపర తాగే బూంద్

వేసవి సెలవులు మొదలైన కొద్ది రోజులకే పంజగుట్టలోని ఆ గల్లీలో పిల్లలు కనిపించడం మానేశారు. కొందరు అమ్మమ్మల ఊళ్లకు వెళ్లారు. మిగిలిన మగపిల్లలు క్రికెట్‌కు వెళ్లేవారు. ఆడపిల్లలను ఆటలోకి రానిచ్చేవారు కాదు. షహజాది గుమ్మంలో కూర్చొని గల్లీని చూసేది. చూడడానికి ఏమీ లేకపోతే లోపలికి వచ్చేది.

అది 1986. షహజాదికి తొమ్మిదేళ్లు. తల్లి అన్వరీ కాన్పుకని జోగిపేటలోని పుట్టింటికి వెళ్లింది. తండ్రి జహూర్ అమీర్‌పేటలో కూలర్లు తయారుచేసే దుకాణంలో మెకానిక్. ఎండాకాలంలో అతను పొద్దున వెళితే కూతురు నిద్రపోయాకే వచ్చేవాడు. "సీజన్ల మనకు ఇల్లు లేదు బేటీ" అనేవాడు. ఇంట్లో నాయనమ్మ చాంద్ బీ ఉంటుంది. ఆమెకు ఒక చెవి వినిపించదు. రెండో చెవిని రేడియోకు ఇచ్చింది.

ఇంటి వెనక వరండా ఉంది. పైన సిమెంటు రేకులు, గోడ ఉండాల్సిన చోట ఇనుప జాలి. బేగంపేటలో విమానం దిగేటప్పుడు రేకులు అదురుతాయి. వరండా మూలన ఒక కూలర్ ఉంది. మోటారు లేదు, ఫ్యాను లేదు. ఎవరో పాతదిచ్చి కొత్తది తీసుకుంటే, పనికొస్తుందని జహూర్ ఇంటికి తెచ్చి పెట్టాడు. దాని మూడు వైపులా వట్టివేళ్ల తడకలు ఉన్నాయి. వాటిని అక్కడ అందరూ ఖస్ అంటారు.

ఒక మధ్యాహ్నం షహజాది వరండాలో చాప వేసుకొని పడుకుంది. కూలర్ వైపు ఉన్న చెంపకు గాలి తగిలింది. చల్లగా తగిలి ఆగింది. మళ్లీ తగిలింది. ఆమె లేచి కూలర్ లోపల చూసింది. ఫ్యాను ఉండాల్సిన చోట కన్నం ఉంది. తడక దగ్గరకు మొహం పెట్టింది. వేళ్ల మధ్య నుంచి రెండు కళ్లు ఆమెను చూశాయి.

ఆమె కదలలేదు. కాసేపటికి అది బయటికి వచ్చింది. ఉడుత అంత ఉంది. నాలుగు కాళ్లు, తోక లేదు. వెంట్రుకలు ఉండాల్సిన చోట ఖస్ వేళ్లు ఉన్నాయి. అది ఊపిరి వదిలినప్పుడు గాలి చల్లబడింది. పీల్చినప్పుడు ఆగింది. వేళ్ల కొసలు ఎండి తెల్లబడ్డాయి. దానికి దాహంగా ఉందని షహజాదికి అర్థమైంది.

ఆమె బకెట్ నుంచి లోటాతో నీళ్లు ముంచి దాని మీద పోసింది. అది ముడుచుకుని ఉండ అయింది. జారి కూలర్ అడుగున పడింది. చల్లగాలి ఆగిపోయింది. షహజాది దాన్ని అరచేతిలోకి తీసుకుంది. తడిసిన కొబ్బరి పీచు పట్టుకున్నట్టుంది. ఫ్రాకు కొసతో అద్దింది. ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. ఎండ జాలి దాటి వరండాలోకి వచ్చేసరికి అది కాళ్లు చాపింది. తడకలోకి దూరింది.

ఆమె దానికి బూంద్, అంటే నీటిచుక్క, అని పేరు పెట్టింది. ఏం తాగుతుందో మాత్రం తెలియలేదు.

అది రాజనర్సయ్య దగ్గర తెలిసింది. రాజనర్సయ్య గల్లీ మొగదాల బండి పెట్టుకొని బట్టలు ఇస్త్రీ చేస్తాడు. చెంబులో నీళ్లు నోటినిండా తీసుకొని, పెదాలు బిగించి బట్ట మీదికి ఊదుతాడు. నీళ్లు చుక్కలుగా కాకుండా పొగలా పడతాయి. షహజాది బండి పక్కన నిలబడి చూసింది. ఆ తుంపర ఆమె చేతి మీద పడింది. బూంద్ ఊపిరిలాగే ఉంది.

"ఏం బిడ్డా, గిట్ల నిలబడ్డవ్? మీ నాయన చొక్కలా?"

"నాకు సుత నేర్పు చాచా."

"ఏంది?"

"నోట్లకెంచి ఊదుడు."

"ఓర్నీ! నా దుకాణం గుంజుకుంటవా ఏంది?" అని అతను చెంబు ఆమె చేతికిచ్చాడు. "నోరంత నింపకు. బుగ్గలు ఉబ్బొద్దు. పెదాలు బిగబట్టు. ఇగ ఊదు."

నీళ్లు గడ్డం మీదుగా కారి ఫ్రాకు తడిసింది. రాజనర్సయ్య నవ్వాడు. "గట్ల కాదు. నీళ్లను ఉమ్మొద్దు. గాలిని ఉమ్మాలె, నీళ్లు దాని ఎంట పోవాలె."

రెండు రోజులు ఆమె వరండా గోడ మీద ఊదింది. గోడ మీద చారలు పడకుండా తడి మాత్రం కనిపించిన రోజు తడక మీద ఊదింది. బూంద్ బయటికి వచ్చింది. తుంపరలో నిలబడింది. ఒంటి మీది వేళ్లు ఒక్కొక్కటిగా విచ్చుకున్నాయి. అది ఊపిరి వదిలితే వరండా అంతా ఖస్ వాసన వచ్చింది.

ఆ రోజు నుంచి ఆమెకు పని దొరికింది. పొద్దున ఊదాలి. మధ్యాహ్నం ఎండ ముదిరినప్పుడు మళ్లీ మళ్లీ ఊదాలి. సాయంత్రం ఊదాలి. తడక ఎండితే బూంద్ కొసల నుంచి తెల్లబడుతుంది. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వచ్చేవి కాబట్టి ఆమె తన స్నానం నీళ్లలో కొన్ని లోటాలో దాచేది. మనుషుల అడుగుల చప్పుడు వింటే అది వేళ్లలోకి పోయేది. ఆమె అడుగులకు పోయేది కాదు.

నాయనమ్మకు చెప్పి చూసింది.

"దాదీమా, కూలర్ల ఒకటుంది."

"ఎలుకా?"

"కాదు. దానికి కండ్లున్నయ్."

"ఎలుకకు ఉండవా? మీ అబ్బాకు చెప్పు, మందు పెడతడు."

తండ్రికి ఒక శుక్రవారం చెప్పింది. అతను స్క్రూడ్రైవర్‌తో చెప్పు బాగుచేసుకుంటున్నాడు. "ఖస్‌ల తేళ్లు చేరతయ్. చెయ్యి పెట్టకు" అన్నాడు. "ఒక్క వాన పడనియ్యి, గవి పీకి పడేస్తా. వాన పడ్డదంటే ఖస్ పని అయిపోయినట్టే."

ఆ మాట విన్నాక షహజాది బూంద్‌ను గమనించింది. బేగంపేట వైపు మబ్బు కనిపిస్తే అది జాలికి ఎదురుగా ఉన్న తడక మీదికి వచ్చి కూర్చునేది. మబ్బు పోయేదాకా కదిలేది కాదు. మబ్బు పోయాక ఆమె ఊదినా కాసేపు తాగేది కాదు. అది వాన కోసం చూస్తోంది. వాన వచ్చేదాకా దాన్ని ఎండిపోకుండా చూడాలి. చూడడానికి ఇంకెవరూ లేరు.

ఆ ఏడు రంజాన్ మే నెలలో వచ్చింది. నెల సగానికి వస్తుండగా చాంద్ బీ, షహజాది చేత మొదటి రోజా పెట్టిస్తానని చెప్పింది. ఆ ఇళ్లలో పిల్లలు మొదటిసారి ఉపవాసం ఉన్న రోజును రోజా రఖాయి అని పండుగలా చేస్తారు. కొత్త బట్టలు వేస్తారు, చుట్టాలను పిలుస్తారు. సాయంత్రం పిల్ల మెడలో పూలదండలు వేసి, అందరి మధ్యా కూర్చోబెట్టి రోజా విప్పిస్తారు.

"అమ్మీ వచ్చినంక పెట్టుకుంటా" అంది షహజాది.

"మీ అమ్మీ వచ్చేదాక రంజాన్ ఆగుతదా? మాసబ్ ట్యాంక్ నుంచి మీ ఫూఫీ వాళ్లొస్తరు. మీ అబ్బా సుత పొద్దుండంగనే వస్తడు."

ఫూఫీ అంటే జహూర్ అక్క. ఆమె ఇంట్లో మనుషులు ఎక్కువ. వాళ్లంతా వస్తారు. తండ్రి వెలుతురు ఉండగా ఇంటికి వస్తాడు, పక్కన కూర్చుంటాడు. షహజాది వేసవి మొదలైనప్పటి నుంచి అలాంటి రోజు చూడలేదు. ఆ రోజా ఉండాలని ఆమెకు అప్పుడు అనిపించింది. వెంటనే బూంద్ గుర్తొచ్చింది.

"దాదీమా, నోట్ల నీళ్లు పోసుకుంటే రోజా పోతదా?"

"నమాజుకు పుక్కిలిస్తే పోదు. మింగితే పోతది. ఊకె నోట్ల నీళ్లు పెట్టుకునుడు మాత్రం వద్దు. పిల్లలు ఎప్పుడు మింగుతరో వాళ్లకే తెల్వదు."

షహజాది రాజనర్సయ్య దగ్గరకు వెళ్లింది.

"చాచా, జుమ్మా నాడు నాకు రోజా. పగటీలి వచ్చి మా ఖస్ మీద తుంపర కొడ్తవా?"

"ఖస్ మీద? మోటరు లేని కూలర్‌కు ఖస్ ఎందుకు తడుపుడు?"

"అండ్ల ఒకటుంటది. తుంపరే తాగుతది."

"మా ఇంట్ల సుత ఒకటుంటది. కల్లే తాగుతది. మా బామ్మర్ది." అతను ఇస్త్రీపెట్టెలో బొగ్గులు కదిలించాడు. షహజాది నవ్వకపోవడం చూసి, "వస్తా తియ్యి. మీ దాదీమకు చెప్పి పెట్టు, నేను ఎనక నుంచి వస్తా" అన్నాడు.

శుక్రవారం తెల్లవారుజామున రోజాకు ముందు తినే సహర్‌కు ఆమెను లేపారు. అన్నం తిని, నీళ్లు తాగి, అజాన్ కాకముందే వరండాలోకి వెళ్లి తడక మూడు వైపులా ఊదింది. బూంద్ చాలాసేపు తాగింది. తర్వాత ఆమె కొత్త బట్టలు వేసుకొని నాయనమ్మ పక్కన కూర్చుంది. పొద్దున ఏమీ అనిపించలేదు. ఎండ ఎక్కాక నాలుక అంగిలికి అంటుకుంది. ఆమె వరండాలోకి వెళ్లి చూసింది. తడక పైభాగం ఎండింది. బూంద్ కిందికి దిగి కూర్చుంది. వేళ్ల కొసలు అప్పటికే తెల్లబడ్డాయి.

మధ్యాహ్నం నమాజు అయ్యాక రాజనర్సయ్య వచ్చాడు. వెనక తలుపు దగ్గర చెప్పులు విప్పాడు. చేతిలో చెంబు ఉంది. షహజాది లేచి నిలబడింది. అడుగుల చప్పుడుకు బూంద్ వేళ్లలోకి పోయింది.

రాజనర్సయ్య చెంబులో చెయ్యి ముంచి నీళ్లు తడక మీద చిలకరించాడు. చుక్కలు వేళ్ల మీద పడి, పెద్దవై, కిందికి జారాయి.

"చెయ్యితోని కాదు చాచా! నోట్లకెంచి."

అతను ఆగి ఆమెను చూశాడు. "రోజా పిల్ల ముంగట నేను నోట్ల నీళ్లు పోసుకుంటనా? పాపం తగుల్తది బిడ్డా. రంజాన్ నెలంత నేను గిట్లనే చల్లుత. బండి కాడ చూస్తలేవా?"

ఆమె చూస్తూనే ఉంది. నెల మొదలైనప్పటి నుంచి అతని బండి మీద చెంబు పక్కన గిన్నె కూడా ఉంటోంది. గల్లీలో సగం ఇళ్లు రోజా ఉండేవి. వాళ్ల ముందు అతను నీళ్లు తాగేవాడు కాదు, నోటితో బట్టలు తడిపేవాడు కాదు. ఆ మాట ఆమెకు ముందు తోచలేదు.

"చాలు చాచా. చాలు."

"ఉండు, వచ్చినోణ్ణి ఎట్లనో వచ్చిన, మంచిగ తడిపి పోత." అతను చెంబు వంచి మిగిలిన నీళ్లు తడక పైనుంచి పోశాడు. అన్ని వైపులా తడిసిందో లేదో చూశాడు. "జహూర్ భాయ్‌కి చెప్పు, ఉత్త డబ్బాకు నీళ్లు పట్టిచ్చినవని నీ మీద నవ్వుతడు" అని, చెప్పులు వేసుకొని వెళ్లిపోయాడు.

షహజాది కూలర్ లోపలికి చెయ్యి పెట్టింది. బూంద్ అడుగున ఉండలా పడి ఉంది. తీసి ఫ్రాకుతో అద్దింది. ఒళ్లో పెట్టుకుంది. మొదటి రోజు ఎండ జాలి దాటేసరికి అది కాళ్లు చాపింది. ఈసారి ఎండ జాలి దాటింది, చాప దాకా వచ్చింది. అది కదల్లేదు. తడి ఆరింది. ఆరిన చోటల్లా వేళ్లు తెల్లబడుతూ వచ్చాయి. ఆమె దాన్ని చెవి దగ్గర పెట్టుకుంది. ఊపిరి వినిపించలేదు.

లోపల నాయనమ్మ రేడియో పక్కన పడుకుంది. ఫూఫీ వాళ్లు ఇంకా రాలేదు.

షహజాది లోటా తెచ్చుకుంది. కొద్దిగా నోట్లోకి తీసుకుంది. బూంద్ మీద ఊది, మిగిలిన తడిని జాలి బయటికి ఉమ్మింది. మళ్లీ తీసుకుంది, ఊదింది, ఉమ్మింది. వేళ్ల తెలుపు తగ్గలేదు. తెల్లవారక ముందు నుంచి ఆమె నీళ్లు తాగలేదు. నోట్లో నీళ్లు ఉన్న ప్రతిసారీ గొంతు దానంతటదే పైకి వచ్చేది. ఆమె తల వంచి, గొంతుకు అందకుండా ఊదేది. అలా చాలాసార్లు ఊదింది. ఒకసారి గొంతు కదిలింది. నీళ్లు లోపలికి వెళ్లాయి.

ఆమె లోటా కింద పెట్టి కూర్చుంది. బేగంపేటలో విమానం దిగింది. రేకులు అదిరి ఆగాయి.

తర్వాత లోటా తీసుకుంది. ఇప్పుడు గొంతును కాపాడుకోవాల్సిన పని లేదు. తల ఎత్తి, గాలి పట్టి ఊదింది. తుంపర పొగలా పడింది. మళ్లీ ఊదింది. లోటా ఖాళీ అయితే బకెట్ దగ్గరకు వెళ్లి నింపుకుంది. బూంద్ ఒంటి మీద ఒక వేరు విచ్చుకుంది. కాసేపటికి ఇంకొకటి విచ్చుకుంది. ఆమె అరచేతికి చల్లగాలి తగిలింది.

ఫూఫీ వాళ్లు సాయంత్రం ఆటోల్లో దిగారు. గది నిండింది. జహూర్ వెలుతురు ఉండగానే వచ్చాడు. స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకొని కూతురి పక్కన కూర్చున్నాడు. దస్తర్‌ఖాన్ పరిచారు. ఖర్జూరాలు, పకోడీలు, పండ్ల ముక్కలు పెట్టారు. ఫూఫీ మల్లెదండ విప్పి లేచింది.

"నా రోజా పోయింది" అంది షహజాది.

చాంద్ బీ వినిపించే చెవిని ఇటు తిప్పింది. "ఏమంటుంది?"

"నీళ్లు మింగిన. పగటీలి."

ముందు ఫూఫీ నవ్వింది. తర్వాత అందరూ నవ్వారు. ఫూఫీ మోకాళ్ల మీద కూర్చొని ఆమె గడ్డం పట్టుకుంది. "గింతేనా? మా మెహబూబ్ ఏం జేసిండో తెల్సా? రోజా రఖాయి నాడు గుసల్‌ఖానల తలుపేసుకొని లోటెడు నీళ్లు తాగిండు. బయటికొచ్చి దండ ఏయించుకున్నడు, ఫోటో దిగిండు. ఎప్పుడు చెప్పిండు? పెండ్లి నాడు!"

ఫూఫీ కొడుకు మెహబూబ్ గోడకు ఆనుకొని, "అమ్మీ, ప్రతి రంజాన్‌కు గదే కథనా?" అన్నాడు. మళ్లీ నవ్వారు.

"నేను దాహానికి తాగలే ఫూఫీ."

"అవునే, అందరు గదే అంటరు."

"చిన్నపిల్లకు తప్పేం లేదు" అంది చాంద్ బీ. "వచ్చే ఏడు పూర్తిగ ఉంటది. ఎయ్యవే దండ."

ఫూఫీ దండ వేసింది. జహూర్ కూతురి తల మీద చెయ్యి పెట్టాడు. షహజాది అతని వైపు వంగింది. "అబ్బా, ఒకదానికి నీళ్లు పెట్టిన. అందుకే పోయింది."

"పెట్టినవా? మంచి పని చేసినవ్. ఎండకాలం పిట్టలకు నీళ్లు పెడితే సవాబ్, పుణ్యమొస్తది."

"పిట్ట కాదు."

రోజా విప్పే సైరన్ మోగింది. అందరి చేతులూ ఖర్జూరాల మీదికి వెళ్లాయి. జహూర్ ఒకటి తీసి ఆమె నోట్లో పెట్టాడు. తర్వాత మగవాళ్లు నమాజుకు లేచారు. ఆడవాళ్లు గిన్నెలు సర్దారు. షహజాది దండతో గది మధ్య కూర్చుంది. వచ్చిన ప్రతి మనిషి ఆమె తల నిమిరి, ఏదో ఒకటి చెప్పి వెళ్లాడు. ఎవరూ కోప్పడలేదు. దేనికి నీళ్లు పెట్టావని ఎవరూ అడగలేదు. వాళ్లు వెళ్లిపోయాక కూలర్ దుకాణం నుంచి పిలుపు వచ్చిందని జహూర్ మళ్లీ బయలుదేరాడు. ఎవరింట్లోనో మోటారు కాలిందట.

ఆమె దండ తీసి మేకుకు తగిలించి వరండాలోకి వెళ్లింది. బూంద్ తడక పైకి ఎక్కి ఉంది. ఆమె ఊదింది. అది తాగింది.

రంజాన్ పండుగకు ముందు ఒక మధ్యాహ్నం గాలి లేచింది. గల్లీలో ఆరేసిన బట్టలు తీగల మీద చుట్టుకున్నాయి. రాజనర్సయ్య బండి మీద తాడిపత్రి కప్పుతూ ఎవరినో సాయానికి పిలుస్తున్నాడు. చాంద్ బీ నిద్రపోతోంది. షహజాది ఊదడానికి అప్పుడే నోట్లోకి నీళ్లు తీసుకుంది.

రేకుల మీద ఒక చినుకు పడింది. తర్వాత లెక్క తెలియలేదు. గాలికి వాన పక్కకు వాలి ఇనుప జాలిని కొట్టింది. జాలి కన్నాల్లో చినుకులు చితికి తుంపరై వరండా అంతా నిండాయి. ఆమె మొహం తడిసింది. ఎదురుగా ఉన్న గోడ కనిపించలేదు.

బూంద్ తడక మీది నుంచి దిగింది. నేల మీద నడవడం ఆమె ఎప్పుడూ చూడలేదు. అది జాలి దగ్గరకు నడిచి నిలబడింది. ఒంటి మీది వేళ్లన్నీ విచ్చుకున్నాయి. ఉడుత అంత ఉన్నది పిల్లి అంత అయింది, మేక అంత అయింది. అంతకన్నా పెద్దదయ్యాక దాని అంచులు ఎక్కడున్నాయో తెలియలేదు. దాని గుండా జాలి కనిపించింది. జాలి గుండా గల్లీ కనిపించింది. అది ఒకసారి ఊపిరి వదిలింది. షహజాది చేతుల మీద రోమాలు లేచాయి. తర్వాత అది జాలి బయట ఉంది. వాన బేగంపేట వైపు కదిలింది. బూంద్ దానితో పాటు వెళ్లింది.

షహజాది జాలి పట్టుకొని నిలబడింది. బుగ్గల్లో నీళ్లు అలాగే ఉన్నాయి. వాన తగ్గింది. మొదట ఇంటి చూరు కారడం వినిపించింది, తర్వాత అదీ ఆగింది. ఆమె కూలర్ దగ్గరకు వచ్చి తడక మీద చెంప పెట్టింది. ఖస్ వాసన వచ్చింది. గాలి రాలేదు.

ఊదడానికి పెదాలు బిగించింది. ఎవరి మీద ఊదాలో తెలియలేదు. కాసేపు అలాగే ఉండి, నోట్లోని నీళ్లు మింగింది.